ప్రోస్టేట్ పెరిగితే: మందుల మంచిచెడ్డలు, ఆపరేషన్ అవసరం – తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రోస్టేట్ అంటే మగవాళ్లలో బ్లాడర్ (మూత్రం సంచి) కింద, మూత్రం దారి చుట్టూ ఉండే గ్రంథి. అది పెరిగి యాభై దాటిన మగవాళ్లను, వాళ్ల ఇంట్లోవాళ్లను కంగారుపెట్టే ఈ ఇబ్బంది మీద నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు, కనిగిరి వైపు నుంచి ఇవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. అందుకే అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్నలు పెట్టి, దేనికదే అర్థమయ్యేలా జవాబు రాశాం. ఇక్కడి మోతాదులు, అంకెలు మీరు డాక్టరుతో సూటిగా మాట్లాడటానికి. చీటీ లేకుండా మందు కొనుక్కోవడానికి మాత్రం వాడొద్దు.

## అనుమానం వచ్చిన కొత్తలో

రాత్రి నాలుగుసార్లు ఒంటికి లేస్తున్నాను. ఇది షుగరా, ప్రోస్టేటా?

ఏదైనా కావచ్చు, రెండూ కలిసి కూడా ఉండొచ్చు. తేల్చుకోవడానికి గీతలున్న ప్లాస్టిక్ కొలజగ్గు ఒకటి బాత్రూంలో పెట్టుకోండి. మూడు రోజులపాటు ఎన్ని గంటలకు వెళ్లారు, ఎంత వచ్చింది, ఏం తాగారు అని ఒక కాగితం మీద రాయండి. లేచిన ప్రతిసారీ 300, 400 మి.లీ. ధారాళంగా వస్తోందంటే ఒంట్లో మూత్రమే ఎక్కువ తయారవుతోంది. షుగరు అదుపులో లేకపోవడం, డపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగరు మాత్రలు, పగలంతా కాళ్లలో దిగిన నీరు పడుకున్నాక కిడ్నీలకు చేరడం, గురకతో నిద్రలో ఊపిరి ఆగుతుండటం దీనికి కారణాలు. అలా కాకుండా నిలబడి కాసేపు ముక్కితే గానీ ధార మొదలవక, 80 లేదా 100 మి.లీ. వచ్చి, ఇంకా మిగిలినట్టే అనిపించి, చివర చుక్కలు పడుతుంటే ప్రోస్టేట్ వైపు చూడాలి. ఈ కాగితం డాక్టరుకు చూపిస్తే సగం పని అయినట్టే.

స్కానింగులో ప్రోస్టేట్ 45 గ్రాములని వచ్చింది. ఆపరేషన్ తప్పదా?

సైజు ఒక్కటే చూసి ఎవరూ ఆపరేషన్ చెప్పకూడదు. మామూలు ప్రోస్టేట్ 20, 25 గ్రాములు ఉంటుంది. 80 గ్రాములున్నా ధార బాగా వచ్చేవాళ్లున్నారు, 30 గ్రాములకే మూత్రం బిగిసిపోయినవాళ్లున్నారు. గ్రంథి బయటికి పెరిగితే దారికి పెద్దగా అడ్డం రాదు. లోపలికి పెరిగినా, మధ్య భాగం బ్లాడర్‌లోకి పొడుచుకొచ్చినా మూత నొక్కినట్టు అడ్డుపడుతుంది. అందుకని రిపోర్టులో సైజు కంటే ముందు నాలుగు సంగతులు వెతకండి: మూత్రం పోశాక బ్లాడర్‌లో మిగిలింది ఎంత, కిడ్నీల్లో నీరు నిలిచిందా, బ్లాడర్ గోడ మందమయ్యిందా, రాళ్లున్నాయా. మిగిలింది 50 మి.లీ. లోపైతే భయం లేదు. 150 దాటితే జాగ్రత్త పడాలి. 300 దాటితే బ్లాడర్ అలసిపోతోందని అర్థం.

ఇందులో ఒక చిక్కుంది. స్కానింగ్ సెంటరులో లీటరు నీళ్లు తాగించి, వంతు వచ్చేదాకా గంటసేపు బిగబట్టి కూర్చోబెడతారు. అంతగా సాగిపోయిన బ్లాడర్ ఒక్కసారికి ఖాళీ కాదు, మిగిలిన కొలత ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. అనుమానముంటే మామూలుగా వచ్చినప్పుడు వెళ్లివచ్చి ఆ కొలత ఒక్కటీ మళ్లీ తీయించుకోండి.

ఏయే పరీక్షలు నిజంగా అవసరం?

మూత్ర పరీక్ష, షుగరు, క్రియాటినిన్ (కిడ్నీల పని చూపే రక్తపరీక్ష), కడుపు స్కానింగు, పీఎస్ఏ (ప్రోస్టేట్ నుంచి రక్తంలోకి చేరే పదార్థాన్ని కొలిచే పరీక్ష), వేలితో చేసే పరీక్ష. చాలామందికి ఇవి చాలు. మలద్వారం నుంచి వేలితో చూసే పరీక్షకు సిగ్గుపడి వద్దంటారు. అర నిమిషం పని అది. గ్రంథి మెత్తగా ఉందా, గట్టిగా గడ్డలా తగులుతోందా అన్నది ఇంకే విధంగానూ అంత సులువుగా తెలియదు. ధార వేగం కొలిచే యంత్రం ఉన్నచోట అదీ చేయించుకోండి, కాకపోతే కనీసం 150 మి.లీ. పోస్తేనే దాని లెక్కకు విలువ. సెకనుకు 15 మి.లీ. దాటితే బాగున్నట్టు, 10 లోపైతే అడ్డం ఉన్నట్టు, లేదంటే బ్లాడర్ బలం తగ్గినట్టు. ఏడు ప్రశ్నల మార్కుల కాగితం కూడా నింపిస్తారు. మొత్తం 35 మార్కులకు 7 వరకు స్వల్పం, 8 నుంచి 19 మధ్యస్థం, 20 పైన తీవ్రం. సీటీ స్కాను, లోపల కెమెరా పెట్టి చూడటం అందరికీ అక్కర్లేదు. మూత్రంలో రక్తం పడటం లాంటి కారణం ఉంటేనే.

పీఎస్ఏ 6 వచ్చింది. క్యాన్సరేనా?

ఒక్క రిపోర్టుతో అలా అనలేం. గ్రంథి పెరిగినా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా, మూత్రం ఆగిపోయినా, మూత్రం తీయడానికి పైపు వేసినా పీఎస్ఏ ఎగబాకుతుంది. మూత్రం ఆగి పైపు వేసిన రోజే పీఎస్ఏ తీసి, ఆ అంకె చూసి ఇల్లంతా ఏడ్చిన కుటుంబాలున్నాయి. ఇన్‌ఫెక్షన్ తగ్గాక ఆరు వారాలు ఆగి, పరీక్షకు ముందు రెండు రోజులు కలయికకు దూరంగా ఉండి మళ్లీ చేయించండి. అప్పటికీ ఎక్కువే ఉంటే, లేదా వేలికి గట్టిగా తగిలితే, ఎంఆర్ఐ, దాన్నిబట్టి బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం). మామూలు ప్రోస్టేట్ పెరుగుదల క్యాన్సరుగా మారదు. కాకపోతే రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు, అందుకే ఈ పరీక్ష.

మాది కనిగిరి వైపు. ఫ్లోరైడ్ నీళ్ల వల్లే ప్రోస్టేట్ వచ్చిందంటున్నారు, నిజమా?

ప్రోస్టేట్ పెరగడానికి కారణం వయసు, మగ హార్మోన్లు. ఫ్లోరైడ్ దెబ్బ పళ్లకు, ఎముకలకు. అయితే ఈ ప్రశ్నను కొట్టిపారేయకూడదు. ఫ్లోరోసిస్ ముదిరితే వెన్నెముక బిగిసి, లోపలి నరాలు నొక్కుకుపోయి, బ్లాడర్ పట్టు తప్పవచ్చు. నడుము, మెడ బిగుసుకుపోవడం, కాళ్లు తిమ్మిర్లెక్కడం, నడకలో తూలుడు ఉండి మూత్రం సరిగా రాకపోతే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. వెన్ను జబ్బుకు ప్రోస్టేట్ ఆపరేషన్ చేస్తే తేడా రాదు.

## మందు మొదలుపెట్టేటప్పుడు

ఇబ్బంది కొద్దిగానే ఉంది. మందు లేకుండా నెట్టుకురావచ్చా?

రావచ్చు. మార్కులు 7 లోపు ఉండి, కిడ్నీలు బాగుండి, మీ నిద్రకూ పనికీ అడ్డం లేకపోతే ఏడాదికోసారి చూపించుకుంటే చాలు. పడుకోవడానికి రెండు గంటల ముందు నుంచి నీళ్లు, మజ్జిగ తగ్గించండి. సాయంత్రం టీ, కాఫీ, మద్యం మానండి. పోశాక వెంటనే లేచి రాకుండా అర నిమిషం ఆగి మళ్లీ ప్రయత్నిస్తే మిగిలింది కొంత వస్తుంది. మలబద్ధకం ఉంటే అది ముందు పోవాలి. బీపీకి నీరు తీసే మాత్ర రాత్రిపూట వేసుకుంటుంటే పొద్దుటికి మార్చవచ్చా అని డాక్టరును అడగండి. ఒక్క తప్పు మాత్రం చేయొద్దు: మూత్రం వస్తుందన్న భయంతో రోజంతా నీళ్లు మానేయడం. మన ఎండలకు, రొయ్యల గుంటల దగ్గర, పొలంలో పనిచేసేవాళ్లకు అలా చేస్తే రాళ్లు, మంట, ఇన్‌ఫెక్షన్. పగలు బాగా తాగి, చీకటిపడ్డాక తగ్గించాలి.

ట్యామ్సులోసిన్, సైలోడోసిన్, డ్యుటాస్టెరైడ్ అని రకరకాలుగా రాస్తున్నారు. తేడా ఏమిటి?

ఇవి రెండు జాతుల మందులు. ట్యామ్సులోసిన్ 0.4 మి.గ్రా., సైలోడోసిన్ 8 మి.గ్రా., ఆల్ఫ్యుజోసిన్ 10 మి.గ్రా. ఒక జాతి. బ్లాడర్ మెడ దగ్గర, గ్రంథిలో బిగుసుకున్న కండరాన్ని సడలిస్తాయి. గ్రంథిని మాత్రం రవ్వంత కూడా తగ్గించవు. కొద్ది రోజుల్లోనే ధార మెరుగుపడుతుంది. డ్యుటాస్టెరైడ్ 0.5 మి.గ్రా., ఫినాస్టెరైడ్ 5 మి.గ్రా. రెండో జాతి. మగ హార్మోను గ్రంథిని పెంచే రూపంలోకి మారకుండా ఆపి, ఆరు నెలల నుంచి ఏడాదిలో గ్రంథిని ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా కుదిస్తాయి.

గ్రంథి 30, 40 గ్రాములు దాటినవాళ్లకే రెండో జాతి వల్ల లాభం. 25 గ్రాముల గ్రంథికి డ్యుటాస్టెరైడ్ వాడితే దుష్ఫలితాలు వస్తాయి తప్ప కుదించడానికి అక్కడ ఏమీ లేదు. పెద్ద గ్రంథి ఉన్నవాళ్లలో మాత్రం ఈ జాతి మందు మూత్రం ఒక్కసారిగా ఆగిపోయే ప్రమాదాన్ని, ఆపరేషన్ అవసరాన్ని దాదాపు సగానికి తగ్గిస్తుంది. రెండు జాతులూ కలిపి వాడితే జబ్బు ముదరడం ఏ ఒక్కదానితో కంటే బాగా తగ్గుతుందని 2003లో వచ్చిన ఎంటాప్స్ అధ్యయనం చూపించింది.

షాపులో ఇచ్చిన స్ట్రిప్పు మీద పేరు పక్కన 'డి' అని ఉంది. పాత మందేనా?

కాదు, ఆగండి. స్ట్రిప్పు తిప్పి వెనక సన్నక్షరాలు చదవండి. యూరిమాక్స్ అంటే ట్యామ్సులోసిన్ ఒక్కటే. యూరిమాక్స్-డి అంటే దానికి డ్యుటాస్టెరైడ్ కలిపినది. ఇంకా చాలా కంపెనీల పేర్లలో ఇదే పద్ధతి. 'డి' ఉన్నదీ లేనిదీ ఒకటే అనుకుని మార్చి ఇస్తే, ఒకరికి అక్కర్లేని హార్మోను మందు పడుతుంది, ఇంకొకరికి నెలల తరబడి పడాల్సింది ఆగిపోతుంది. పీఎస్ఏ లెక్క కూడా తారుమారవుతుంది. జనౌషధి షాపుల్లో తక్కువ ధరకు తీసుకున్నా నష్టం లేదు. మందు పేరు, మి.గ్రా. సరిపోతే చాలు.

మొదటి రోజు మాత్ర వేసుకుని మా నాయన కళ్లు బైర్లు కమ్మి పడిపోయాడు. మానేయాలా?

కండరం సడలించే జాతి మందులు రక్తనాళాలను కూడా కొంత సడలిస్తాయి. పడుకున్నవాడు దిగ్గున లేస్తే బీపీ జారిపోయి తల తిరుగుతుంది. మొదటి వారం, మోతాదు పెంచినప్పుడు, ఎండలో ఒళ్లు ఆరిపోయినప్పుడు, ఇప్పటికే రెండు మూడు బీపీ మాత్రలు వాడుతున్నప్పుడు ఇది ఎక్కువ. టెరజోసిన్, డోక్సజోసిన్, ప్రజోసిన్‌తో బీపీ ఎక్కువ పడుతుంది. ట్యామ్సులోసిన్, సైలోడోసిన్‌తో తక్కువ.

పడిపోయాడంటే మరో మాత్ర వేసే ముందే డాక్టరుతో మాట్లాడాలి. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి మూడు నిమిషాల్లో ఒకసారి బీపీ చూపించండి. పై అంకె 20 లేదా అంతకంటే ఎక్కువ పడితే బీపీ మందులన్నీ ఒకసారి సరిచూడాలి. మాత్ర ఖాళీ కడుపున వేయకూడదు. ట్యామ్సులోసిన్ రోజూ ఒకే పూట భోజనమయ్యాక అరగంటకు, నమలకుండా, గొట్టం (క్యాప్సూల్) విప్పకుండా మింగాలి. ఏకాదశి, శివరాత్రి ఉపవాసం రోజుల్లో ఏం చేయాలో ముందే అడిగిపెట్టుకోండి. రాత్రి లేచేటప్పుడు మంచం అంచున నిమిషంపాటు కాళ్లు వేలాడేసి కూర్చుని, అప్పుడు నిలబడాలి. కూర్చునే మూత్రం పోయాలి. దారిలో చిన్న బల్బు వేసి ఉంచండి. పెరటి చివర బాత్రూం ఉన్న ఇళ్లలో మంచం పక్కనే యూరిన్ క్యాను పెట్టడం మేలు. ఈ వయసులో తుంటి ఎముక విరగడం ప్రోస్టేట్ కంటే పెద్ద ఆపద.

వచ్చే నెల కంటిలో శుక్లం ఆపరేషన్ ఉంది. ఈ మాత్ర ఆపాలా?

ఆపడం కాదు, చెప్పడం ముఖ్యం. ట్యామ్సులోసిన్, ఆ జాతి మందులు వాడినవాళ్లకు ఆపరేషన్ మధ్యలో కంటిపాప కుంచించుకుపోయి, దాని చుట్టూ ఉండే రంగు పొర (ఐరిస్) వదులై అలలా ఊగుతుంది. దీన్ని 2005లో గుర్తించారు. కంటి డాక్టరుకు ముందే తెలిస్తే తగిన మందు, పరికరాలు సిద్ధం చేసుకుంటారు. తెలియకపోతే కన్ను దెబ్బతినే అవకాశం ఉంది. వారం ముందు మాత్ర ఆపినంత మాత్రాన ఈ ముప్పు పోదు, ఎప్పుడో వాడి మానేసినా చెప్పాల్సిందే. కంటి శిబిరాలకు బస్సెక్కి వెళ్లేవాళ్లు స్ట్రిప్పు జేబులో పెట్టుకుని వెళ్లి చూపించండి. ప్రోస్టేట్ మాత్ర ఇంకా మొదలుపెట్టకపోతే, ఇబ్బంది ఆగగలిగేదైతే, ముందు కన్ను చేయించుకోవడం ఉత్తమం.

గుండెకు సార్బిట్రేట్ వాడుతున్నాను. తడలాఫిల్ రాశారు. పరవాలేదా?

వేసుకోవద్దు. తడలాఫిల్ 5 మి.గ్రా. రోజూ వాడితే మూత్రానికీ, అంగస్తంభనకూ రెండింటికీ పనిచేసే మాట నిజమే. కానీ సార్బిట్రేట్, నైట్రోగ్లిజరిన్ లాంటి నైట్రేట్ మందులతో కలిస్తే బీపీ ప్రాణం మీదికి వచ్చేలా పడిపోతుంది. నాలుక కింద పెట్టుకునే మాత్ర అప్పుడప్పుడూ వాడేవాళ్లకూ ఇదే నిషేధం. రాసిన డాక్టరుకు మీ గుండె మందుల సంగతి తెలియకపోయి ఉండొచ్చు, వెంటనే చెప్పండి.

క్రియాటినిన్ 2 ఉంది. మందు మోతాదు మారుతుందా?

సైలోడోసిన్‌కు మారుతుంది. కిడ్నీ పని ఒక మోస్తరుగా తగ్గితే 8 బదులు 4 మి.గ్రా., బాగా తగ్గితే అసలు వాడరు. అంతకంటే ముఖ్యమైనది, క్రియాటినిన్ పెరగడానికి మూత్రం అడ్డమే కారణమా అన్నది. స్కానింగులో రెండు కిడ్నీలూ ఉబ్బి ఉంటే మాత్రలతో కాలయాపన చేయకూడదు.

## మందు వాడుతున్న రోజుల్లో

మాత్ర మొదలుపెట్టి పది రోజులైంది, తేడా లేదు. మార్పించుకోనా?

ట్యామ్సులోసిన్ జాతికి నాలుగు వారాలు, డ్యుటాస్టెరైడ్ జాతికి ఆరు నెలలు గడువివ్వాలి. నెలకో డాక్టరు, నెలకో మాత్ర మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

కలయికలో వీర్యం బయటికి రావడం లేదు. ఏదైనా ప్రమాదమా?

ప్రమాదం కాదు. బ్లాడర్ మెడ సడలిపోవడంతో వీర్యం సరిగా ముందుకు రాదు. సైలోడోసిన్ వాడేవాళ్లలో నలుగురిలో ఒకరికి పైగా ఇలా అవుతుంది. ఆల్ఫ్యుజోసిన్‌తో చాలా అరుదు. మందు మారిస్తే లేదా ఆపితే మళ్లీ మామూలే. 'నరాల బలహీనత' అనుకుని లేనిపోని మందులకు డబ్బు తగలేయకండి. ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్లు మాత్రం ముందే చెప్పాలి.

డ్యుటాస్టెరైడ్ వాడితే మగతనం పోతుందంటున్నారు. నిజమెంత?

కొందరికి కోరిక తగ్గడం, స్తంభన తగ్గడం, రొమ్ములు నొప్పి పెట్టడం లేదా పెరగడం, మనసు దిగాలుగా ఉండటం జరుగుతాయి. ఎక్కువమందికి రావు. వచ్చినవాళ్లలో చాలామందికి మందు ఆపాక తగ్గుతాయి, కొద్దిమంది మాత్రం ఆపాక కూడా ఇబ్బంది కొనసాగిందని చెప్పారు. డ్యుటాస్టెరైడ్ ఒంట్లోంచి పోవడానికి నెలలు పడుతుంది. అందుకే మానిన మర్నాడే తేడా కోసం చూడొద్దు. రొమ్ములో గడ్డ తగిలితే చూపించాలి. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు. ఈ మాట డాక్టరుకు చెప్పలేక చాలామంది మందే మానేస్తున్నారు, కొన్నాళ్లకు మూత్రం ఆగిపోయి అర్ధరాత్రి ఆసుపత్రికి వస్తున్నారు. 90 గ్రాముల గ్రంథి, ఒకసారి మూత్రం ఆగిన చరిత్ర ఉన్న మనిషికి ఈ మందు విలువ వేరు. 30 గ్రాముల గ్రంథి ఉన్న యాభై రెండేళ్లవాడికి వేరు. మీ గ్రంథి సైజు చెప్పి, నాకు ఇది వాడటం వల్ల ఎంత లాభం అని అడగండి.

ఆర్నెల్లకు పీఎస్ఏ 5 నుంచి 2.6కు దిగింది. ఇక భయం లేనట్టేనా?

ఆ దిగడం మందు పని. డ్యుటాస్టెరైడ్, ఫినాస్టెరైడ్ ఆరు నెలల నుంచి ఏడాదిలో పీఎస్ఏను సుమారు సగం చేస్తాయి. కాబట్టి కాగితం మీది అంకెను రెండుతో గుణించి చూడాలి. 2.6 అంటే నిజానికి 5.2, అంటే మార్పు లేదు. ఆ తర్వాత ఏడాది 3.4 వచ్చిందనుకోండి, ల్యాబు కాగితంలో 4 లోపు ఉందని నార్మల్ అనే ఉంటుంది. లెక్క ప్రకారం అది 6.8. మందు వాడుతుండగా పీఎస్ఏ కిందికి దిగి మళ్లీ ఎక్కడం మొదలైతే, అంకె ఎంత చిన్నదైనా చూపించాలి. ల్యాబుకు వెళ్లిన ప్రతిసారీ ఈ మందు వాడుతున్నట్టు కాగితం మీద రాయించండి.

ఈ మందులే ముదురు క్యాన్సరు తెస్తాయన్న భయానికి మూలం 2003లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం. ఫినాస్టెరైడ్ వాడినవాళ్లలో మొత్తం ప్రోస్టేట్ క్యాన్సర్లు నాలుగో వంతు తగ్గాయి గానీ, ముదురు రకం 5.1 శాతం బదులు 6.4 శాతం కనిపించింది. వాళ్లనే ఏళ్ల తరబడి గమనించి 2019లో ప్రచురించిన ఫలితాల్లో ప్రోస్టేట్ క్యాన్సరు మరణాలు పెరగలేదు.

ఇంట్లో కడుపుతో ఉన్న కోడలు ఉంది. ఆ మాత్రలు తాకకూడదా?

పగిలిన ఫినాస్టెరైడ్ మాత్ర, కారుతున్న డ్యుటాస్టెరైడ్ గొట్టం తాకకూడదు. చర్మం గుండా ఇంకి కడుపులో మగబిడ్డ జననాంగాల ఎదుగుదలను దెబ్బతీయవచ్చు. పొరపాటున తగిలితే వెంటనే సబ్బుతో కడుక్కోవాలి. మాత్రలు తీసిచ్చే పని ఆమెకు పెట్టకండి. డ్యుటాస్టెరైడ్ వాడేవాళ్లు ఆపిన ఆరు నెలల దాకా రక్తదానం కూడా చేయకూడదు.

జలుబుకు మెడికల్ షాపులో మాత్ర తెచ్చుకున్నా. ఆ రాత్రే మూత్రం బిగదీసింది. సంబంధం ఉందా?

ఉంది. ముక్కుదిబ్బడ తగ్గించే ఫినైలెఫ్రిన్, సూడోఎఫిడ్రిన్ బ్లాడర్ మెడను బిగిస్తాయి. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ బ్లాడర్ నొక్కే బలాన్ని తగ్గిస్తుంది. కడుపునొప్పికి ఇచ్చే డైసైక్లోమిన్, నిద్రకో నరాల నొప్పికో ఇచ్చే అమిట్రిప్టిలిన్, ట్రమడాల్ లాంటి నొప్పి మందులు కూడా అదే పని చేస్తాయి. షాపులో అడిగేటప్పుడు 'నాకు ప్రోస్టేట్ ఉంది' అని ముందే చెప్పండి. ఉత్త జలుబుకు ఆవిరి, ఉప్పునీటి ముక్కు చుక్కలు చాలు.

పల్లేరు కషాయం, సా పాల్మెటో వాడి ఇంగ్లీషు మందు మానేయొచ్చా?

సా పాల్మెటో అనే తాటిజాతి మొక్క కాయల సారం మీద 2006లోనూ, మోతాదు మూడింతలు పెంచి 2011లోనూ గట్టి పరీక్షలు జరిగాయి. ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగేమీ కనిపించలేదు. పల్లేరు కషాయంతో మూత్రం ఎక్కువ తయారవుతుందని నమ్మి తాగుతారు. దారి మూసుకుపోయినవాడికి కావలసింది ఎక్కువ మూత్రం కాదు, దారి. క్రియాటినిన్ ఎక్కువ ఉన్నవాళ్లు ఏముందో తెలియని పొడులు, భస్మాలు వాడొద్దు. ఏది వాడుతున్నా దాచకుండా డాక్టరుకు చెప్పండి.

బాగుందని మాత్ర ఆపేస్తే ఏమవుతుంది?

ట్యామ్సులోసిన్ ఆపితే కొద్ది రోజుల్లో పాత ఇబ్బంది వస్తుంది. డ్యుటాస్టెరైడ్ ఆపితే గ్రంథి నెలల మీద తిరిగి పెరుగుతుంది. రెండూ కలిపి వాడేవాళ్లలో ఆరు నెలల తర్వాత ట్యామ్సులోసిన్ ఆపి చూడటం కొందరికి కుదురుతుంది, డాక్టరు చెప్పి చేయిస్తే. ఒక పూట మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోవద్దు.

## మూత్రం ఆగిపోతే, పైపు వేస్తే

రాత్రి నుంచి ఒక్క చుక్క రావడం లేదు, పొత్తికడుపు పగిలిపోతోంది. మాది పల్లెటూరు, ఏం చేయాలి?

తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. పైపు వేయగలిగిన దగ్గరి ఆసుపత్రికి వెళ్లండి. నెల్లూరు, ఒంగోలు పెద్దాసుపత్రుల దాకా వెళ్లాల్సిన పని ప్రతిసారీ ఉండదు. నీళ్లు ఇంకా తాగించకండి. మూత్రం రావడానికని లేసిక్స్ ఇంజెక్షన్ ఇస్తామంటే ఒప్పుకోవద్దు. అది మూత్రాన్ని తయారు చేస్తుందే తప్ప దారి తీయదు, బ్లాడర్ ఇంకా సాగుతుంది. ఇంటి దగ్గర ఆర్ఎంపీ చేత పైపు తోయించుకోవద్దు. బ్లాడర్‌లోకి చేరకముందే దారిలోనే పైపు కొసన ఉండే బుడగ నింపితే రక్తం ధారకడుతుంది, తర్వాత ఆ దారి ముడుచుకుపోతుంది.

పైపు వేశాక ఎంత వచ్చిందో రాయించుకోండి. ఒక లీటరు దాటినా, క్రియాటినిన్ ఎక్కువ ఉన్నా, గంటగంటకూ మూత్రం లెక్క చూస్తూ ఆసుపత్రిలో ఉంచాలి. కొందరికి అడ్డం తొలగాక మూత్రం వరదలా వచ్చి ఒంట్లో నీరు, ఉప్పులు పోతాయి. చలిజ్వరం ఉంటే అసలు ఆలస్యం చేయకూడదు.

పైపు ఎప్పుడు తీస్తారు? జీవితాంతం ఉంటుందేమో అని భయం.

ట్యామ్సులోసిన్ లేదా ఆల్ఫ్యుజోసిన్ రెండు మూడు రోజులు వేసి, పైపు తీసి చూస్తారు. ఈ మందు పడితే సగానికి పైగా మందికి మళ్లీ మూత్రం వస్తుంది. పొద్దున్నే తీయించుకోండి, పగలంతా చూసుకోవచ్చు. తీశాక మామూలుగా తాగండి, లీటర్లు లీటర్లు వద్దు. నాలుగైదు గంటల్లో రాకపోయినా, పొత్తికడుపు ఉబ్బుతున్నా తిరిగి వెళ్లాలి. ఒకసారి వచ్చిందని మందు మానేస్తే మళ్లీ ఆగే అవకాశం ఎక్కువ.

పైపు, బ్యాగు ఇంట్లో ఎలా చూసుకోవాలి?

బ్యాగు ఎప్పుడూ బ్లాడర్ కంటే కిందే ఉండాలి. మంచం కోడుకు కట్టండి, నేలకు తగలనివ్వకండి, మంచం మీద పెట్టకండి. పైపును తొడకు ప్లాస్టరుతో అతికిస్తే లాగుడు ఉండదు. బ్యాగు ముప్పాతిక నిండకముందే ఖాళీ చేయాలి. చేసే ముందు, చేశాక చేతులు కడుక్కోవాలి. పైపు బయటికొచ్చే చోట రోజూ సబ్బునీళ్లతో తుడిస్తే చాలు, పౌడర్లు, డెటాల్ వద్దు. పైపు దగ్గర మడత పడిందేమో తరచూ చూడండి, మూత్రం ఆగిందని కంగారుపడే సందర్భాల్లో చాలావాటికి కారణం ఆ మడతే. పసుపు రంగు రబ్బరు పైపును రెండు నుంచి నాలుగు వారాలకు, సిలికాన్ పైపును మూడు నెలలు దాటకుండా మార్చాలి. జ్వరం, గడ్డలుగా రక్తం, పైపు పక్కనుంచి కారడం ఉంటే ఆసుపత్రికి. పైపు ఉన్నవాళ్ల మూత్రంలో క్రిములు ఎలాగూ ఉంటాయి. జ్వరం లేకుండా ఉత్త రిపోర్టు చూసి యాంటిబయాటిక్ వాడొద్దు.

## ఆపరేషన్ గురించి

ఎవరికి ఆపరేషన్ తప్పదు?

మందు వాడినా పైపు తీయలేకపోతే, మూత్రం అడ్డం వల్ల కిడ్నీలు దెబ్బతింటే, బ్లాడర్‌లో రాళ్లు పడితే, ఇన్‌ఫెక్షన్ పదేపదే వస్తుంటే, ప్రోస్టేట్ నుంచి రక్తం పోవడం ఆగకపోతే. ఈ ఐదింట్లో ఏది ఉన్నా మాత్రలతో నెట్టుకురావడం నష్టమే. ఏళ్ల తరబడి అడ్డానికి ఎదురు నొక్కి నొక్కి బ్లాడర్ బలం పోయాక ఆపరేషన్ చేస్తే దారి తెరుచుకుంటుంది గానీ నొక్కేవాడు ఉండడు, మూత్రం సరిగా రాదు. వీళ్లు కాక, మందు పడనివాళ్లు, రోజూ మాత్ర వద్దనుకునేవాళ్లు కోరి చేయించుకోవచ్చు.

టీయూఆర్‌పీ మంచిదా, లేజరా?

టీయూఆర్‌పీ అంటే కోత లేకుండా మూత్రం దారిలోంచి వెళ్లి గ్రంథిని లోపలనుంచి చెక్కడం. 30 నుంచి 80 గ్రాముల దాకా ఇది నమ్మకమైన పద్ధతి. పాత రకంలో లోపల కడగడానికి వాడే గ్లైసిన్ ద్రవం ఎక్కువసేపు రక్తంలోకి ఇంకితే సోడియం పడిపోయే ముప్పుంది. బైపోలార్ రకంలో సెలైన్ వాడతారు కాబట్టి ఆ బెడద లేదు. ఏది చేస్తారో అడగండి.

లేజర్ అనేది ఒకటే ఆపరేషన్ కాదు. హోల్మియం అనే రకం లేజర్‌తో గ్రంథిని తొనలా ఒలిచి తీసే పద్ధతి ఎంత పెద్ద గ్రంథికైనా పనికొస్తుంది, రక్తం తక్కువ పోతుంది. కానీ చేసే సర్జనుకు చేయి తిరిగి ఉండాలి. ఆవిరి చేసే లేజర్‌తో బయాప్సీకి ముక్క మిగలదు. మాకు అనిపించేది ఇదే: 50 గ్రాముల గ్రంథికి, రోజూ టీయూఆర్‌పీ చేసే సర్జను చేతిలో టీయూఆర్‌పీ, కొత్తగా మొదలుపెట్టినవాళ్ల లేజర్ కంటే మేలు. ఈ పద్ధతుల్లో ఏదైనా ముగ్గురిలో ఇద్దరికి, కొన్నిట్లో అంతకంటే ఎక్కువమందికి వీర్యం బ్లాడర్‌లోకి వెళ్తుంది, అది తిరిగి రాదు. స్తంభన మాత్రం సాధారణంగా దెబ్బతినదు. మూత్రం పట్టు పూర్తిగా తప్పడం అరుదు. దారి ముడుచుకుపోవడం కొద్దిమందికి జరుగుతుంది.

స్టెంటు వేశారు, క్లోపిడోగ్రెల్ వాడుతున్నాను. ఆపి చేయించుకోవచ్చా?

మీ అంతట మీరు ఆపొద్దు. ఇది రక్తం గడ్డకట్టకుండా చూసే మందు. గుండె డాక్టరు ఒప్పుకుంటే క్లోపిడోగ్రెల్ ఐదు నుంచి ఏడు రోజుల ముందు ఆపుతారు. ఆస్పిరిన్ చాలాసార్లు కొనసాగిస్తారు. స్టెంటు వేసి ఏడాది కాలేదంటే తొందరలేని ఆపరేషన్ వాయిదా వేయడమే క్షేమం. అప్పటిదాకా మందో పైపో. ఆపమన్నదీ, మళ్లీ మొదలుపెట్టమన్నదీ తేదీలతో సహా రాయించుకోండి.

ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేస్తారా?

పథకంలో ఉన్న ఆసుపత్రికి వెళ్లి ముందుగా అక్కడి ఆరోగ్యమిత్రను కలవండి. ఆధార్, రేషన్ కార్డు, స్కానింగు, పీఎస్ఏ, మూత్ర పరీక్ష రిపోర్టులు వెంట ఉండాలి. మీకు చెప్పిన పద్ధతి పథకంలోకి వస్తుందా, లేజర్ అయితే తేడా డబ్బు అడుగుతారా అన్నది చేరకముందే తేల్చుకోండి. 104కు ఫోన్ చేసి కూడా అడగవచ్చు.

## ఆపరేషన్ అయ్యాక

పన్నెండు రోజులు బాగున్నాను, ఇప్పుడు మళ్లీ ఎర్రగా వస్తోంది. ఏదో తేడా వచ్చిందా?

పది పదిహేను రోజులకు లోపలి పుండు మీది పెచ్చు ఊడిపోతుంది, అప్పుడు ఒకటి రెండు రోజులు ఎర్రబడటం మామూలే. నీళ్లు బాగా తాగి విశ్రాంతిగా ఉండండి. గడ్డలు పడుతున్నా, మూత్రం ఆగినా, జ్వరం వచ్చినా వెంటనే వెళ్లాలి. నాలుగు నుంచి ఆరు వారాలు బరువులెత్తడం, మోటార్ సైకిలు, ట్రాక్టరు, ముక్కి మలవిసర్జన వద్దు. ఎరువు బస్తా ఒక్కటి ఎత్తినందుకు రక్తం మొదలై మళ్లీ పైపు వేయించుకునే పరిస్థితి వస్తుంది.

లుంగీ తడిసిపోతోంది, అర్జెంటుగా వస్తోంది. ఇక ఇంతేనా?

ఇంతే కాదు. ఇన్నేళ్లు అడ్డానికి అలవాటుపడిన బ్లాడర్ కుదుటపడటానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మూత్రం మధ్యలో ఆపుతున్నట్టు కింది కండరాన్ని ఐదు సెకన్లు బిగించి, ఐదు సెకన్లు వదలండి. పదిసార్లు, రోజుకు మూడు విడతలు. ఈ వ్యాయామం మూత్రం పోసేటప్పుడు చేయకండి, కూర్చున్నప్పుడో పడుకున్నప్పుడో చేయండి. మూడు నెలలు దాటినా దగ్గితే తుమ్మితే కారుతుంటే చూపించాలి.

ప్రోస్టేట్ తీసేశారు కదా, ఇంకా పీఎస్ఏ ఎందుకు?

తీసింది లోపలి భాగమే. నారింజ తొనలు తీసినా తొక్క మిగిలినట్టు బయటి పొర అలాగే ఉంటుంది, క్యాన్సరు ఎక్కువగా వచ్చేది ఆ పొరలోనే. ముందు తీసిన ముక్కల బయాప్సీ రిపోర్టు అడిగి తీసుకోండి, ఫైల్లో పెట్టుకోండి. ఆపరేషన్ అయిన మూడు నెలలకు పీఎస్ఏ చేయిస్తే అదే మీ కొత్త మొదటి అంకె. తర్వాత ఎన్నాళ్లకోసారి అన్నది మీ వయసునుబట్టి డాక్టరు చెబుతారు.